మా ఆయన అలిగిన దీపావళి

మా ఆయనకు అలగడం చేతకాదు. పెళ్లయిన నెల్లాళ్లకే నాకా సంగతి తెలిసిపోయింది. కూరలో ఉప్పెక్కువైతే ఇంకాస్త అన్నం కలుపుకుంటారు. ఇస్త్రీపెట్టె కింద చొక్కా కాలితే, కాలిన చోట జేబు కుట్టించుకుంటారు. సింగరాయకొండ హైస్కూల్లో సైన్సు మాస్టారు. పేరు పూర్ణచంద్రరావు. పిల్లలు అల్లరి చేస్తే బెత్తం తీసుకుని, దాంతో బోర్డు మీద బొమ్మ చూపించి మళ్లీ పక్కన పెట్టేసే మనిషి. ఇద్దరి వాటా కోపమూ దేవుడు నాకే ఇచ్చాడు.

అందుకే ఎనభై ఆరు దీపావళికి, మా పెళ్లయ్యాక మొదటి దీపావళికి, మా పుట్టింటికి బయల్దేరినప్పుడు నాకు ఆయన గురించి బెంగ లేదు. అయినా బస్సులో ఒకసారి హెచ్చరించాను.

"మా ఊళ్లో కొత్తల్లుడు మొదటి దీపావళికి అలుగుతాడు. నరకచతుర్దశి తెల్లవారుజామున తలంటడానికి పీట వేస్తారు. మామగారు ఏదో ఒకటి ఇస్తానని ఒప్పుకునేదాకా పీట మీద కూర్చోడు. మీరు మాత్రం నోరెత్తకుండా కూర్చోండి."

"నాకేం కావాలి రత్నం?" అన్నారు ఆయన కిటికీలోంచి చూస్తూ.

"మీకు అక్కర్లేకపోయినా పక్కనున్నవాళ్లు ఎగదోస్తారు. పోయినేడు మా పత్తంతా పోయింది. ఈ ఏడు మిరప ఇంకా జానెడు ఎదగలేదు. మా నాన్న సంగతి మీకు తెలీదు. అల్లుడు నోరు తెరిచి అడిగితే పాడిగేదెనైనా అమ్మేస్తాడు."

ఆయన తలూపారు. నేను నిశ్చింతగా జామకాయ కొరుక్కున్నాను.

మార్టూరులో దిగేసరికి నాన్న బండి కట్టుకుని వచ్చి ఉన్నాడు. ఊరికి మూడు మైళ్లు. దారి పొడుగునా పత్తి పగిలి తెల్లగా ఉంది. మా చేను, గట్టు, గట్టుకు అవతల బుడాన్ బాబాయి చేను. ఎప్పుడైనా సరే, ఆ గట్టు దగ్గర బండి ఆపి, "ఒరేయ్ బుడానూ" అని కేకేసి, ఇద్దరూ చెరో చుట్టా కాల్చాక గాని కదిలేవాడు కాదు నాన్న. ఈసారి గట్టు రాగానే ఎద్దుల్ని అదిలించాడు.

ఆ సంగతేమిటో చెప్పాలి. మా ఇల్లూ బుడాన్ బాబాయి ఇల్లూ వీపులానించుకుని ఉంటాయి. మధ్యన మట్టిగోడ, గోడలో మనిషి పట్టేంత సందు. నేను పుట్టిన ఇరవయ్యో రోజున మా అమ్మ పున్నమ్మకు టైఫాయిడ్ వచ్చి నెలన్నర గుంటూరు ఆసుపత్రిలో ఉంది. ఆ నెలన్నరా, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలూ నాకు పాలిచ్చింది బుడాన్ బాబాయి భార్య మౌలాబీ పిన్ని. వాళ్లమ్మాయి జానీబీ నాకన్నా రెండేళ్లు పెద్దది. "నా పాలు తాగేశావే దొంగా" అని అది, "నీ పళ్లు చూసి పిన్ని నాకిచ్చిందే" అని నేను, అది పెళ్లయి పిడుగురాళ్ల వెళ్లేదాకా పోట్లాడుకుంటూనే ఉన్నాం. నాకు ఇద్దరమ్మలు. ఊరంతటికీ తెలిసిన విషయమే.

పోయినేడు కార్తీకంలో పత్తికి తెల్లదోమ పట్టింది. బాబాయి చిలకలూరిపేట వెళ్లి కొత్త మందు రెండు సీసాలు తెచ్చి, ఒకటి నాన్నకిచ్చి, పంపు నిండా నీళ్లకి ఒక మూత చొప్పున కలిపి కొట్టమన్నాడు. ఇద్దరూ ఒకే రోజు కొట్టారు. వారం తిరిగేసరికి మా చేను ఆకులు మాడి రాలిపోయింది. బాబాయి చేను అంతో ఇంతో నిలబడింది. నాన్న కాఫీ హోటలు ముందు పదిమందిలో బాబాయిని నిలదీశాడు.

"మంచి మందు నువ్వుంచుకుని విషం నాకిచ్చావురా. నా పక్కనే ఉండి నా ఇంటి వాసాలు లెక్కపెట్టావు."

బాబాయి సాధువే గాని మాటకి మాట వచ్చేసింది. "మీ అమ్మాయి తాగిన పాలో? అవీ విషమేనా బాపయ్యా?"

అంతే. నాన్న ఇంటికొచ్చి గోడ సందులో తుమ్మకంప కొట్టేశాడు. వైశాఖంలో నా పెళ్లికి ఊరంతటికీ శుభలేఖ పంచి ఆ ఒక్క గడపా దాటేశాడు. నేను దొంగతనంగా ఒక శుభలేఖ గోడ మీంచి విసిరాను. అట్లా విసిరిన పిలుపుకి ఎవరొస్తారు? అప్పగింతలప్పుడు అమ్మను పట్టుకుని ఏడుస్తూనే గోడ వైపు చూశాను. కంప మాత్రమే కనపడింది. సగం ఏడుపే ఏడ్చి అత్తవారింటికి వెళ్లాను.

వెళ్లినా అలవాటు పోలేదు. వినాయకచవితికి సింగరాయకొండలో ఉండ్రాళ్లు వండి, ఒక గిన్నెలో తీసి మూతపెట్టి పెరటి గుమ్మం దగ్గర ఉంచాను. "ఇవి ఎవరికి?" అన్నారు మా ఆయన. "మౌలాబీ పిన్నికి" అన్నాక గాని నేనెక్కడున్నానో నాకు గుర్తు రాలేదు. గుమ్మంలోనే కూలబడి, ఏడ్చి, మొత్తం కథ చెప్పాను. ఆయన విని, గిన్నె లోపల పెట్టి, పేపరు తీసుకున్నారు. కనీసం అయ్యో అనలేదు. ఆ మనిషికి రాళ్ల గురించీ మొక్కల గురించీ తప్ప మనుషుల గురించి తెలీదనుకుని వారం రోజులు లోలోపల తిట్టుకున్నాను.

సరే, దీపావళికొస్తాను. చతుర్దశి నాడు ఇంకా చీకటుండగానే అమ్మ గంగాళంలో నీళ్లు కాచింది. పెరట్లో ముగ్గేసి రెండు పీటలు వేసింది. నువ్వులనూనె గోరువెచ్చన చేసింది. సున్నిపిండి, కుంకుడురసం సిద్ధం. మా మేనమామ పేరయ్య ముందు రోజే దిగాడు. తను కొత్తల్లుడిగా ఉన్నప్పుడు మూడు గంటలు అలిగి అత్తారింట్లో రేడియో సాధించిన ఘనుడు. ఆ కథ ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పది మంది కళ్లు నులుముకుంటూ వచ్చి అరుగు మీద సర్దుకున్నారు.

"కూర్చోండి బాబూ" అంది అమ్మ.

మా ఆయన తువ్వాలు భుజానేసుకుని, పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డారు.

"క్షమించండి అత్తయ్యగారూ. నేను అలిగాను."

అరుగు మీద ఒకటే నవ్వులు. "అలిగినోడు క్షమించమంటాడయ్యా ఎక్కడైనా? మొహం అట్టా పెట్టకూడదు అల్లుడూ, కాస్త ముడుచుకో" అని పేరయ్య మామయ్య పాఠం మొదలుపెట్టాడు.

నేను నవ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. బస్సులో అంత చెప్పాక ఇదా!

నాన్న ముందుకొచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. ఈ ఘడియ కోసం రాత్రే ఆలోచించి పెట్టుకున్నట్టున్నాడు. "చెప్పండి అల్లుడు గారూ. వాచీ?"

"ఉందండి."

"కొత్త సైకిలు?"

"బడి ఇంటి పక్కనేనండి."

అమ్మ తన వేలి ఉంగరం తీయబోయింది. ఆయన చేతులు జోడించి వద్దన్నారు. పేరయ్య మామయ్య నాన్న చెవి దగ్గరికి వెళ్లి, ఊరంతటికీ వినపడేట్టు, "స్కూటరు బావా, స్కూటరు" అన్నాడు. నాన్న మింగుడు పడనట్టు ఒక్క క్షణం ఆగి, "మిరప చేతికి రానివ్వండి. స్కూటరు ఇప్పిస్తా" అన్నాడు.

"స్కూటరు తొక్కడం రాదండి" అన్నారు మా ఆయన. గుంజ మాత్రం వదల్లేదు.

ఇంక ఆగలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని గొడ్ల సావిట్లోకి ఈడ్చుకెళ్లాను.

"సిగ్గులేదూ? మా నాన్న మొహం చూశారా? పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టారు ఇంతమందిలో అడుక్కుంటారా? నా మాటకి విలువ లేదా?"

ఆయన తువ్వాలు మళ్లీ భుజాన సర్దుకున్నారు.

"నువ్వు కోప్పడితే నా ధైర్యం పోతుంది రత్నం. నాలుగు రోజులుగా కూడగట్టుకున్నాను. కాసేపు నన్ను అలగనివ్వు" అన్నారు.

నేను ఆయన చెయ్యి వదిలేశాను. ఆయన వెళ్లి మళ్లీ గుంజ దగ్గర నిలబడ్డారు. ఈసారి గుంజ పట్టుకోలేదు.

"మామయ్యగారూ, నాకు ఇద్దరత్తగార్లున్నారని విన్నాను. ఇక్కడ ఒక్కరే కనపడుతున్నారు. రెండో అత్తగారు కూడా వచ్చి నా తలకు నూనె పెడితే కూర్చుంటాను. ఇంకేమీ వద్దు."

"రెండో అత్తగారేంది? ఏంది బావా ఈ కథ?" అని పేరయ్య మామయ్య నాన్నను అనుమానంగా చూశాడు. ఎవరూ నవ్వలేదు. అరుగు మీది ఆడవాళ్లందరికీ అర్థమైంది. అందరి చూపులూ ఒక్కసారే కంప కొట్టిన సందు వైపు తిరిగాయి.

వినాయకచవితి నాడు పేపరు వెనక మొహం దాచుకున్న మనిషిని నేను ఎన్ని తిట్టుకున్నాను! ఆయన అప్పటినుంచీ ఈ ఒక్క మాటనే మోసుకు తిరుగుతున్నారు. అలగడం రాని మనిషి నా కోసం అలగడం నేర్చుకున్నారు. ఆ క్షణాన ఆయన కాళ్ల మీద పడమన్నా పడేదాన్నే. కాని భయం. నాన్న కాదంటే? పదిమందిలో కొత్తల్లుడికి కాదన్న మాట చెబితే, ఆ సందు ఈ జన్మకి తెరుచుకోదు. పిన్నిని ఇంక నేను గోడకి ఇవతలనుంచే చూడాలి.

నాన్న మెడ నరాలు ఉబ్బాయి. నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పావా?"

"నేనే చెప్పాను. నాకు పాలిచ్చిన మనిషి సంగతి నా మొగుడికి చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలి నాన్నా?"

నాన్న అటూ ఇటూ చూశాడు. అప్పుడు మా అమ్మ, పదకొండు నెలలుగా ఈ విషయంలో ఒక్క ముక్క మాట్లాడని మా అమ్మ, నూనె గిన్నె తెచ్చి నాన్న చేతిలో పెట్టింది.

"చల్లారిపోతా ఉంది. ఎల్లిరా అయ్యా" అంది.

నాన్న గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తర్వాత సందు దగ్గరికి వెళ్లి, రెండో చేత్తో కంప పట్టుకుని లాగాడు. అది రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. ముళ్లు గుచ్చుకుని అరచేయి నెత్తురోడింది. కంప ఊడొచ్చింది. గిన్నెలో నూనె మాత్రం తొణకలేదు. నేను నాన్న వెనకే నడిచాను. నా వెనక పేరయ్య మామయ్య, ఆయన వెనక అరుగు అరుగంతా.

అప్పుడప్పుడే తెల్లారుతోంది. బుడాన్ బాబాయి పెరట్లో మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గోడకు ఇవతల జరిగిందంతా అవతల వినపడకుండా ఉంటుందా? అయినా తల ఎత్తలేదు.

"బుడానూ" అన్నాడు నాన్న. "అల్లుడు అలిగాడు."

"ఏం కావాలంట?"

"మీ ఆవిడొచ్చి తలంటాలంట."

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. "మంచోడే పిల్లోడు. మరి నేనూ అలిగే ఉన్నాగా బాపయ్యా. పదకొండు నెలలైంది. నీకేం కావాలిరా అని నన్నెవరడిగారు?"

"ఇప్పుడడుగుతున్నా. ఏం కావాలి?"

"పంపుకి ఎన్ని మూతలు పోశావ్?"

ఈ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. ఊళ్లో ఎవరికీ తట్టలేదు.

"రెండు" అన్నాడు నాన్న.

"బాపయ్యా."

నాన్న తల దించుకున్నాడు. నా ఎరుకలో మా నాన్న తల దించుకోవడం అదే మొదలు. "మూడు. ఒక్క మూతకి దోమేం చస్తదిలే అనిపించింది. చేనంతా తెల్లగా మూగుంది గదరా. చూడలేకపోయా. నా చేను నేనే కాల్చుకున్నా. నింద నీ మీదేశా."

"నాకు తెలుసు" అన్నాడు బాబాయి. "నా సీసాలో సగానికి పైగా మందు మిగిలింది. నీ సీసా ఖాళీగా గట్టు మీద పడుంది. ఆ సాయంత్రమే చూశా."

"చూసినోడివి ఆనాడు పదిమందిలో ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే నీ పరువేం కాను? మందు కలపడం రాని రైతువని ఊరంతా నవ్వదా?" బాబాయి మంచం మీంచి లేచాడు. "అది ఆపుకున్నా గాని, అంతకన్నా పాడు మాట జారా. పాల మాట. ఆ రోజు నుంచీ మా ఆవిడ నాకు అన్నం పెడుతుందే గాని నా మొహం చూడదు. నీ అల్లుడు నీ ఒక్కడి ఇల్లే కాదు బాపయ్యా, నా ఇల్లూ నిలబెడుతున్నాడు."

ఇంతలో వంటపాకలోంచి మౌలాబీ పిన్ని వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఇద్దరు మొగాళ్లనీ దాటి నాన్న ముందు నిలబడింది. "ఆ గిన్నె ఇట్టా తే అన్నయ్యా. చెయ్యి చూసుకో, పసుపు పెట్టించుకో" అంది. గిన్నె తీసుకుని, నా చెయ్యి పట్టుకుని, సందులోంచి మా పెరట్లోకి నడిచింది. చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

మా ఆయన పీట మీద బుద్ధిగా కూర్చున్నారు. అమ్మ కుడిపక్క, పిన్ని ఎడమపక్క. ఇద్దరూ కలిసి ఆయన తలను ఎంత మర్దనా చేశారంటే, "ఇంత అలగకుండా ఉండాల్సింది" అని ఆయన మూలిగారు. అరుగు మీద మళ్లీ నవ్వులు మొదలయ్యాయి. నాన్నా బాబాయీ గుమ్మంలో కూర్చుని అప్పుడే కీచులాటకి దిగారు. ఈ ఏడు పత్తికి ఏ మందు కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో. "ఈసారి మూత నా చేతికియ్యి" అంటున్నాడు బాబాయి. "నువ్వెవడివిరా చెప్పటానికి" అంటున్నాడు నాన్న. ఆ అరుపులు వింటుంటే నాకు కడుపు నిండినట్టుంది. పేరయ్య మామయ్య మాత్రం, స్కూటరు పోయిందని చాలాసేపు బాధపడ్డాడు.

మా ఆయన లేచి తువ్వాలుతో తల తుడుచుకుంటుంటే ఆయన పక్కకు వెళ్లి, "ఇంకెప్పుడైనా పేపరు వెనక మొహం దాచుకుంటే పేపరు చించేస్తాను" అన్నాను. నా మొహం చూసి, అది కోపం కాదని ఆయనకు తెలిసింది. "సరే" అని లోపలికి వెళ్లారు.

తర్వాత నా వంతు. పీట మీద కూర్చున్నాను. అమ్మ నీళ్లు తోడుతోంది. పిన్ని నా జడ విప్పి, నడినెత్తిన నూనె అద్దింది. ఆ వేళ్లు తగలగానే ఆర్నెల్ల కింద మిగిలిపోయిన ఏడుపంతా వచ్చేసింది.

"పెళ్లికి నువ్వు లేవు పిన్నీ."

"లేకపోవటమేంది? మీ కారు మార్టూరు రోడ్డెక్కిందాకా చేలో నిలబడే ఉన్నా. ఎర్రచీర కిటికీలో కనపడింది. చాల్లే అనుకున్నా."

"నీ పాలు తాగి పెరిగి, నీకు చెప్పకుండా వెళ్లిపోయాను. ఏం చేస్తే నీ రుణం తీరుతుంది?"

పిన్ని చెయ్యి ఆగింది. నీళ్లు తోడుతున్న అమ్మ కూడా ఆగింది. పిన్ని అమ్మ వైపు చూసింది. "ఇన్నేళ్లూ చెప్పలేదా వదినా?" అంది. అమ్మ తల అడ్డంగా ఊపి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జానీబీ పాలు తాగాననుకుంటున్నావా నువ్వు?" అంది పిన్ని, నా తలలో మళ్లీ మెల్లగా వేళ్లు తిప్పుతూ. "అది అప్పటికే పచ్చడన్నం తింటా ఉంది. నువ్వు పుట్టిన నెల్లోనే నాకో మగబిడ్డ పుట్టాడే. తొమ్మిది రోజులున్నాడు. వాడు పోయినా పాలు ఆగలా. గడ్డలు కట్టి, జ్వరమొచ్చి, తిండి మానేసి బావి వైపు చూస్తా కూర్చునేదాన్ని. మీ బాబాయికి భయమేసి బావి మీద తలుపు చెక్క వేశాడు. ఒకరోజు మీ నాయన నిన్ను పాతచీరలో చుట్టుకుని ఆ సందులోంచి వచ్చాడు. అడగటానికి నోరు రాలేదు ఆయనకి. నా ఒళ్లో పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నువ్వు ఊరుకుంటావా? ఊరంతా లేచేట్టు ఏడ్చావు. నీకు ఆకలి మరి."

నేను వెనక్కి తిరగబోయాను. తిరగనివ్వలేదు.

"ఆ పూట నువ్వు తాగబట్టి నేనున్నాను. మీ బాబాయి మీద అందుకే నాకంత కోపం. ఆ మాటని తిరగేసి అన్నాడు."

గంగాళం దగ్గర అమ్మ ముక్కు చీదుకుంది. పిన్ని చెంబు అందుకుని నీళ్ల వేడి చేత్తో చూసింది.

"కుంకుడు కళ్లలో పడుద్ది, తల వంచు" అంది.

వంచాను.